పనిచేస్తోంది

నవంబరులో కనుమ మూసుకుపోయాక
మా లోయకి బయటి నుంచి వచ్చేది గాలొక్కటే.
అదీ నరిన్ బజారు కబుర్లేవీ మోసుకురాదు.

జిల్లా ఆసుపత్రి వద్దనుకున్న కంప్యూటరొకటి
గొర్రెతోళ్ళ మధ్య కూర్చుని చివరి లారీలో దిగింది.
ఎక్స్‌రే గది అని ఎవరో రాసిన అక్షరాలు
దాని పక్క రేకు మీద ఇంకా చెరగలేదు.
బడిలో, పొయ్యికి దూరంగా, పటాల బీరువా పక్కన పెట్టాను.
నల్ల తీగని కిటికీ సందులోంచి బయటికి లాగి
సందులో కంబళి ముక్క కుక్కాను.
తీగ పదహారిళ్ళు తిరిగి
వాగు అవతల జోల్‌చు ఇంటి దగ్గర అయిపోయింది.
ఆ తర్వాత ఇంకో రెండిళ్ళున్నాయి. తీగ లేదు.

లోకంతో పొత్తులేని వల ఇది,
మాలో మేం మాట్లాడుకోవడానికి.
దాని చిరునామా చీటీల మీద రాసి
ముందు రోజే ఇంటింటికీ పంచాం.

ఎర్మెక్‌కి పన్నెండేళ్ళు. అంకెలు వాడే కొట్టాడు.
నూట తొంభై రెండు, చుక్క,
నూట అరవై ఎనిమిది, చుక్క,
సున్నా, చుక్క, ఒకటి.
దొరకలేదంది.
మళ్ళీ కొట్టాడు. మళ్ళీ దొరకలేదంది.
పొయ్యి చూసుకునే అసిల్‌కాన్ అవ్వ
పిడక విరిచి లోపలికి తోస్తూ
"ఇంట్లో ఎవరూ లేరేమోరా" అంది.

నిజమే. సర్వర్ని నేనింకా నిద్రే లేపలేదు.
ఒక ఆజ్ఞ రాసి ఎంటర్ నొక్కాను.
పాత ఫ్యాను దగ్గి గొంతు సవరించుకుంది.
తెల్లటి పేజీ,
సున్నం వేసి వదిలేసిన గోడలా.
దాని మీద నల్లగా, ఇంగ్లీషులో, ఒక్క ముక్క.
"పనిచేస్తోంది" అని చదివాడు ఎర్మెక్.

"ఏ పని?" అంది అవ్వ.
"ఏమీ లేదు. పనిచేస్తోందని చెప్తోంది."
"అదే దాని పనా?"
"ఇప్పటికి అదే."
"అచ్చం మా పెద్దల్లుడే" అని నవ్వి
పొగకి ఉక్కిరిబిక్కిరైంది.

కింద చిన్న అక్షరాల్లో ఇంకా ఉంది:
ఇది మీకు కనబడుతోందంటే
ఈ చోటు సొంతదారులు ఇంకా ఏమీ పెట్టలేదన్నమాట.
సొంతదారులు! ఎర్మెక్ నా వైపు చూశాడు,
నేను వాడి వైపు.
ఇల్లు కట్టినవాళ్ళకే ఇల్లు ఎదురొచ్చి
ఇంటివాళ్ళు ఇంకా రాలేదండీ, కూర్చోండి అన్నట్టుంది.

"ఎవరు రాశారది?"
ఎవరో. మన లోయ పేరైనా విననివాళ్ళు.
ఎక్కడ ఏ యంత్రం మొదటిసారి కళ్ళు తెరిచినా
ముందీ మాట అనాలని
ఎప్పుడో రాసి లోపల దాచారు.
అవ్వ కాసేపు పొయ్యిని చూసింది.
"గడప దాటి వచ్చినవాళ్ళ ముందు
వట్టి గుడ్డ పరవకూడదు. ఒక రొట్టైనా పెట్టు."

ఊళ్ళో అందరూ బడికొచ్చి అడిగేది ఒకటే.
అదే పెట్టాం:
కనుమ ఇవాళ కూడా మూసే ఉంది.
మంచు గుర్రం కడుపు దాకా.
పాత పేజీని ఎర్మెక్ చెరపబోతే ఆపాను.
పేరు మార్చి పక్కన పెట్టాను.
ఎందుకో అడక్కండి.

రాత్రి అందరూ వెళ్ళాక
యంత్రం తనంతట తాను రాసుకునే చిట్టా తెరిచాను.
ఎవరొచ్చారు, ఎన్నింటికి, ఏమడిగారు.
మేమింకా రొట్టె పెట్టకముందే
పదహారో ఇంటి నుంచి
నాలుగూ ఏడుకి ఒకసారి.
నాలుగూ తొమ్మిదికి. పదికి. మళ్ళీ పదికే.
వేలు పెట్టి లెక్కపెట్టాను. ముప్పై ఒక్కసార్లు
ఆ ఖాళీ గుమ్మం దాకా వచ్చి వెళ్ళారు.

పొద్దున్నే జోల్‌చు వచ్చాడు, మీసాల్లో మంచు.
బొగ్గు కోసమన్నాడు. బొగ్గు సంగతి ఎత్తలేదు.
"కనుమ నాకు కిటికీలోంచే కనబడుతుంది" అన్నాడు.
"ముందున్న ఆ మాటేమైంది?"
ఉందన్నాను, పక్కన.
ఎలా వెళ్ళాలో చీటీ మీద రాసిచ్చాను.
దాన్ని టోపీ మడతలో దోపుకున్నాడు.
"రాత్రంతా పనిచేసిందా అది?"
చేసిందన్నాను.
"సరే" అని
చేతితొడుగులు వేసుకుని
వాగు వైపు నడిచాడు.