నూట పద్దెనిమిది

అద్దం పక్కన కందిబేడంత కెమెరా అంటించింది పాప.
నా మొగాన్నే చూస్తా ఉంటాదంట.
తాకదంట, గుచ్చదంట,
చెంప కింద నెత్తురు పొంగి తగ్గే రంగును పట్టి
గుండె ఎన్ని దెబ్బలు కొట్టిందో చెప్తాదంట.
"ఆ రంగు మన కంటికి ఆనదన్నా, దానికి ఆనుతుంది" అనింది.
అద్దంలో చూసుకున్నా.
నలభై ఏండ్లు స్టీరింగు వెనక కాలిన మొగం.
నాకు నలుపే కనపడింది.

పాప పేరు నౌషీన్, ఇల్లు కొర్లగుంట.
వెనక సీట్లో, వొళ్లో కంప్యూటరు,
పక్కన విప్పని ఇడ్లీ పొట్లం.
నా ఎడం చేతి వేలికి ఒక క్లిప్పు పెట్టింది.
అది సాక్షి అంట.
కెమెరా అబద్ధమాడితే వేలు పట్టిస్తాదంట.

మంగాపురం దాకా డెబ్బైనాలుగు, డెబ్బైఆరు.
రంగంపేట దాటినాక చింతచెట్లు.
ఎండ, నీడ, ఎండ, నీడ,
ముక్కు మీద, కంటి మీద, మళ్లీ ముక్కు మీద.
"నూట ముప్పై!" అని అరిచింది.
వేలేమో డెబ్బైఆరు కాడే ఉండాది.
భయపడి బండి పక్కకు తీసినా.
పాప నవ్వింది.
"అది నీ గుండె కాదన్నా. చెట్లు."
చెట్టుకొక దెబ్బని లెక్కేసుకునిందంట ఆ కందిబేడ.
నేను మెల్లగా పోతే చెట్లకు నెమ్మది,
తొక్కితే చెట్లకు దడ.

రెండు వారాలు అదే పని.
తెల్లార్తో ఒక తూరి, ఎండ నెత్తికెక్కినాక ఒక తూరి,
రాత్రి ఎదురు లారీల లైట్లలో ఒక తూరి.
నల్లతోలుకు ఎలుతురు జాస్తి కావాలంట.
"తప్పు నీది కాదన్నా, దానికి నేర్పించినోళ్లది.
తెల్లమొగాలే చూపించినారు."
నేను పుట్టినప్పుడు మంత్రసాని గూడా
దీపం ఇంకా దగ్గరికి తెమ్మనిందంటమ్మా, అన్నా.
ఆ దినం ఇడ్లీ తినింది.

పదకొండో రోజు మబ్బు.
భాకరాపేట కనుమలో ఎండా లేదు, నీడా లేదు,
ఉతికి ఉతికి వెలిసిన పంచె మాదిరి ఆకాశం.
"ఇట్లాంటి దినమే కావాల" అని మురిసింది పాప.
ఒకటి, రెండు, మూడు మలుపులు.
నాలుగోది, గోడకు సున్నం కొట్టిన చోటు.

నూట పద్దెనిమిది.
వేలు గూడా నూట పద్దెనిమిదే.

వెనక టకటక నిలిచిపోయింది.
"అన్నా, ఈడ ఎలుతురు మారలేదే?"
"మలుపు గదమ్మా."
"ముందర మూడు ఉన్నాయి గదన్నా."
గేరు మార్చినా. మార్చాల్సిన పని లేదు.

ఏకాంబరం అని క్లీనరు ఉండేవాడు నాకాడ.
టమోటా లోడు, వాన, బ్రేకులో గాలి తగ్గింది.
టైరు కింద రాయి పెడతానని దిగినాడు.
పంతొమ్మిదేండ్లు. జేబులో దువ్వెన.
పోలీసుకు చెప్పినా, ఓనరుకు చెప్పినా,
వాళ్లమ్మకు సగం చెప్పినా.
ఈ కందిబేడకు చెప్పలా.

సాయంత్రం దిగేటప్పుడు అడిగినా,
ఆ నూట పద్దెనిమిదిని ఏం చేస్తావమ్మా?
"సరిగా పట్టింది గదన్నా, ఉంచుకోవాల."
కొంచేపు గమ్మునుండి,
"నీ పేరు రాయము. ఏడో నంబరు మనిషి అని ఉంటుంది."
ఏడో నంబరు మనిషి.
దానికి క్లీనరు ఉండడు, బాగానే ఉండాది.

మర్నాడు మళ్లా కనుమ.
మబ్బు పోయి ఎండ కాస్తా ఉండాది.
మూడో మలుపు తిరిగినాక
సీట్ల మధ్యలోనించి ఒక చెయ్యి ముందుకొచ్చింది,
గోరింటాకు సగం వెలిసిన చెయ్యి.
కెమెరా ముందర అరచెయ్యి అడ్డం పెట్టింది.
ఏమీ అనలా. నేనూ అనలా.
సున్నం గోడ వచ్చింది, పోయింది.

వేలికి క్లిప్పు ఉండనే ఉండాది,
దాని పాటికి అది లెక్కేసుకుంటా ఉండాది.
మేమిద్దరం అటు చూడలా.