ఇరవై ఏడడుగుల మాట

రిచీ స్ట్రీట్‌లో కాదు, దాని వెనక సందులో
గుణశీలన్ కొట్టు.
ముందు గదిలో మైకులు, వెనక గదిలో
ఊళ్లు తిరిగి అలిసిపోయిన పెట్టెలు.
ఒకదాని మీద ఇంకా ఎవరి పెళ్లి తాలూకు పసుపో.

"ఎవరికి, మీ తమ్ముడికా?" అన్నాడు ముందు.
నా వేళ్ల చివర కాయలు చూశాక
కుర్చీ జరిపాడు.

చేతిలో ముప్పై ఒక్క వేలు.
అందులో ఆరు ఎబినేజర్‌వి. మా డ్రమ్ములవాడు.
వడ్డీ అడగడు గాని గుర్తుచేస్తాడు.
పాత ఆంప్ పోయిన నెల ఆవడిలో, రెండో పాటలోనే
మాడిన బెల్లం వాసన వేసి కన్నుమూసింది.
మిగతా పద్దెనిమిది పాటలూ వాయించాను.
ఎవరికీ వినబడలేదు,
ఎవరూ ఏమీ అడగనూ లేదు.
భోజనాల దగ్గర మాత్రం పెళ్లికొడుకు మేనమామ
ఆకు మడుస్తూ
"ఇవాళ పాటలు ఎందుకో నిలవలేదమ్మా" అన్నాడు.
ఆ మాటే నన్ను ఇక్కడికి తోలింది.

గుణశీలన్ నాలుగు స్పీకర్ల పెట్టె చూపించాడు.
నాలుగూ పదేసి అంగుళాలు. ఐదువందల వాట్లు.
"స్టేజీ అదిరిపోతాది" అన్నాడు,
తమిళంలోంచి నా తెలుగులోకి కాస్త వంగి.
ఎత్తి చూశాను. ఒక మూల లేచింది.
పెరంబూరులో మాది రెండో అంతస్తు,
మెట్లు నిటారు, మలుపులో ఎవరిదో కుట్టుమిషను.
ఆటోలో ఇది కూర్చుంటే నేనెక్కడ కూర్చోను?
వాట్లు స్టేజీ మీద లెక్క,
కిలోలు రాత్రి ఒంటిగంటకి లెక్క.

రెండోది చిన్నది, తేలిక, నిగనిగ.
మీట తిప్పగానే అరిచింది.
గొంతుంది, పొట్ట లేదు.

మూడోది మూలనున్నది.
పదిహేను అంగుళాల ఒకే ఒక్క స్పీకరు,
జాలీ మీద సొట్ట, ఒక చక్రం కుంటి.
పక్కన నిలబడి వాయిస్తే ఏమీ చెప్పలేదు.
చాలామంది దాన్ని అక్కడే వదిలేసి ఉంటారు.

నాకు తెలిసిన లెక్క ఒక్కటే:
లావు తీగని ఎక్కడా నొక్కకుండా మీటితే
ఆ అల పొడవు ఇరవై ఏడడుగులు.
ఈ కొట్టు పొడవు పద్నాలుగు.
నా మాట పూర్తిగా కాళ్లు చాపుకోవడానికి
ఇక్కడ చోటు లేదు.

కొట్లో కుర్రాడి మెడలో గిటారు వేసి
"ఈ తీగొక్కటే, నిదానంగా, మూడు పెట్టెల్లోనూ" అని చెప్పి
సందు దాటాను.
ఎండ. నన్నారి సర్బత్ బండి.
గాజు గ్లాసులు వరసగా బోర్లించి ఉన్నాయి.
నాలుగు స్పీకర్లది ఆటోల హారన్లలో పడి
ఎటో కొట్టుకుపోయింది.
చిన్నది అసలు గడపే దాటలేదు.
ఆ తర్వాత కాసేపు ఏమీ లేదు.
కుర్రాడు ప్లగ్గు మారుస్తున్నాడేమో అనుకున్నాను.
బండి ఆయన గ్లాసుల మీద అరచెయ్యి ఆనించి
"లారీ ఏదైనా వస్తోందా?" అన్నాడు.

ఆ సందులో లారీ పట్టదు.

పెళ్లిపందిట్లో రాటని ఎవరూ చూడరు.
ఆనుకున్న వీపుకి తెలుస్తుంది.

ఇరవై ఎనిమిది వేలు, సొట్టతో సహా.
చక్రానికి ఇంకో ఐదొందలు తగ్గించమంటే
నూనె డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు.

శనివారం అంబత్తూరు.
మిక్సరు దగ్గర అబ్బాయి
"అక్కా, లైను నేరుగా నాకిచ్చేసి
ఆ పెట్టె ఆపెయ్" అన్నాడు.
లైను ఇచ్చాను. పెట్టె ఆపలేదు.
హాలుకి నీది చాలు తమ్ముడూ,
నా మోకాళ్ల వెనక నాకు నాది కావాలి.

మూడో పాటలో ఎబినేజర్
తలెత్తి ఒకసారి నా వైపు చూశాడు,
కిక్ మీద కాలు తియ్యకుండానే.
ఆరువేల గురించి కాదనుకుంటా.

ఒంటిగంట దాటింది. ఆటో సందు మొదట్లోనే దింపేసింది.
కుంటి చక్రం కీచుమంటోంది,
నా సన్నతీగ మీద మూడో మెట్టుకి
కాస్త శ్రుతి తప్పి.
నూనె డబ్బా గిటారు సంచిలోనే ఉంది.
మెట్ల కింద ఆగి
ముందు నేనెక్కాలా, అదెక్కాలా అని
చూస్తున్నాను.