పెట్టె బరువు

ఒకటి నుంచి పది లోపు చెప్పు, భయం ఎంత? అని అడిగాను.
ఏడు, అన్నాడు తూర్గేర్.
మర్నాడూ ఏడే. పకపకా నవ్వుతున్నప్పుడూ ఏడే.
నెల గడిచాక తెలిసింది,
అది అతని బస్సు నంబరని.

ఓలెసుండ్ రేవులో, వాన కారే రేకుల షెడ్డులో
అతను కాడ్ చేపలు తూకం వేస్తాడు.
పందొమ్మిదేళ్లు. కాటా దగ్గర మాత్రం
ఎవరి మాటా వినడు.

కిందటి శీతాకాలం ఒక మధ్యాహ్నం
నిప్పు లేకుండానే మంటల అలారం మోగింది.
అప్పట్నుంచి గంటకు పదిసార్లు,
"ఇవాళ మోగుతుందా?"
చెవుల మీద చేతులు. ముద్ద దిగని గొంతు.
"ఇలాంటివాళ్ళు అంతే" అన్నాడట వెనకటి డాక్టరు
ఫైలు మూస్తూ.
అతని తెలివి గురించి రాసిన కాగితాల కింద
అతని భయం ఊపిరాడక పడి ఉంది.

నా బొమ్మల కార్డులు కారులోనే వదిలేసి
రబ్బరు బూట్లు అరువు తెచ్చుకుని షెడ్డుకే వెళ్ళాను.
ఎన్ని కిలోలు? అన్నాను ఈసారి.
కాటా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.
"పద్దెనిమిది. పెట్టెతో కలిపి."

పెట్టెతో కలిపి!
పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను,
ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

పెట్టె ఏదో ఇద్దరం వెతికాం.
ఎప్పుడు మోగుతుందో ఎవరూ చెప్పకపోవడం, అది పెట్టె.
ఏ తలుపులోంచి పోవాలో తెలియకపోవడం, అదీ పెట్టే.
గోడ మీద బాణం గీశాం. ఎర్రరంగు అతనే వేశాడు,
గోడకీ, నా కోటుకీ.
మోతను ఫోన్లో పట్టి, తువాలు చుట్టి,
డబ్బాలో దాచి, పక్కగదిలో మోగించాం.
మూడో వారం తువాలు తీసేశాం.
నాలుగో వారం మళ్ళీ చుట్టాం.
ఇంట్లో వాళ్ళమ్మ గుండ్‌వోర్
ఆ మోత వింటూనే బంగాళదుంపలు ఒలిచేది,
కొడుకు చూస్తుండగా, చెయ్యి ఆపకుండా.

మార్చిలో అసలు డ్రిల్లు. ముందే చెప్పిన రోజు,
చెప్పిన సమయానికి రెండు నిమిషాలు ఆలస్యంగా.
ఆ రెండు నిమిషాలూ నేను అతని వైపు చూడలేకపోయాను.
అందరికన్నా చివర బయటికొచ్చాడు,
చేతిలో చేప, వదలడం మరిచిపోయి.
వానలో నిలబడి, "పన్నెండు" అన్నాడు.
తర్వాత నా వైపు తిరిగి,
"నీకెన్ని?"

ఏమీ లేదు, అన్నాను,
ఆసుపత్రి ఉత్తరం జేబులో
ఇంకా విప్పకుండానే.

నమ్మలేదు. తూకం తెలిసినవాడు.
చల్లని ఆ చేపను నా చేతుల్లో పెట్టి
"పట్టుకో" అన్నాడు,
"కాటా తెస్తాను."