తగు చర్య

జోనల్ ఆఫీసులో నాది మూడో బల్ల.
కిటికీకి అవతల లారీలు, ఇవతల కాగితాలు.
మధ్యాహ్నమయ్యేసరికి రెండిటి మీదా
హార్బరు బొగ్గు ఒకేలా పేరుకుంటుంది.

పదిహేడేళ్లుగా నేను రాస్తున్నది ఒకటే వాక్యం:
'పరిశీలించి తగు చర్య నిమిత్తం పంపడమైనది.'
చేతికి ఎంత అలవాటైందంటే
ఓసారి ఇంటి సరుకుల చీటీ కింద కూడా అదే రాసి
సంతకం పెట్టేశాను.
మా ఆవిడ ఆ చీటీ ఇంకా దాచుంచింది.

ఆ సోమవారం నలుగురొచ్చారు
కంచరపాలెం కొండవాలు నుంచి.
ముందు నూకరత్నం. పంతొమ్మిదేళ్లుంటాయేమో,
చెప్పు పట్టీకి పిన్నీసు.
వెనక ఎల్లాజీ, షకీలా,
పేరు చెప్పడానికి సిగ్గుపడే ఒక పొడుగు కుర్రాడు.

కొండ మీద సామాజిక భవనం మాదే. తాళమూ మాదే.
హుద్‌హుద్‌కి రేకులు లేచిపోతే కొత్త రేకులు వేశాం,
కొత్త తాళమూ వేశాం,
తీయడం మర్చిపోయాం.

"కానిస్టేబులు పరీచ్చకి సదూకోవాలండి.
ఇంట్లో ఆరుగురం, లైటొకటే.
సిన్నపిల్లలకి సాయంత్రం లెక్కలు సెప్తాం.
డబ్బులొద్దు బాబూ, తాళం తీస్తే సాలు."

కలం తీశాను. వాక్యం దానంతటదే వచ్చింది.
బల్లకి అటువైపు నిలబడి
ఆమె దాన్ని తలకిందులుగానే చదివింది.
"తగు అంటే ఎంత బాబూ?
బెత్తెడా, మూరెడా?"

పక్క బల్ల వరహాలుగారు టీ గ్లాసు కిందికి దించారు.
నేను ఫ్యాను వంక చూశాను,
జవాబు అక్కడేదో తిరుగుతున్నట్టు.

తాళంచెవి కోసం పదకొండు రోజులు.
ఇంజనీరింగ్ వాళ్లు రెవెన్యూ అన్నారు,
రెవెన్యూ వాళ్లు ఆరోగ్యం అన్నారు.
తీరా అది
దోమల మందు కొట్టే దేముడు మొలతాడుకుంది.
"నన్నెవులూ అడగనేదు," అన్నాడు.

రెండొందల పన్నెండు మెట్లు.
నూరో మెట్టు మీద కూలబడ్డాను.
నెత్తిన బిందెతో నన్ను దాటిపోతూ ఒక ముసలమ్మ
"ఆపీసరుగోరికి మంచినీళ్లియ్యండర్రా!" అని పైకి కేకేసింది.
నేను ఆఫీసర్ని కానని చెప్పడానికి
ఊపిరి అందలేదు.

లోపల విరిగిన బెంచీలు, తుప్పు పట్టిన పొగమిషను,
'స్వచ్ఛ' వరకే రాసి వదిలేసిన బోర్డు.
గోడ మీద క్యాలెండరులో
ఇంకా ఆ తుఫాను అక్టోబరే.
షకీలా కిటికీ తోసింది.
రేవులో ఓడలు, వాటి వెనక డాల్ఫిన్ ముక్కు కొండ.
ఇంత సముద్రానికి
తాళం వేసి ఉంచామా మేము!

వార్డు నిధుల్లోంచి ముప్పై ఎనిమిది వేలు మంజూరు.
రెండు ఫ్యాన్లు రాశాం, ఒకటొచ్చింది.
ఎల్లాజీ మావయ్య బోటుకి వేయగా మిగిలిన నీలం
తలుపుకి సరిపోయింది, కిటికీకి చాల్లేదు.
కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న ఫైలు
ఇప్పటికీ ఈ బల్లకీ ఆ బల్లకీ మధ్యే ఉంది.
అందాకా కిరాణా కొట్టు కనకారావు కడుతున్నాడు,
ఖాతా పుస్తకంలో 'మున్సిపాలిటీ బాకీ' అని
కొత్త పేజీ తెరిచి.

పొడుగు కుర్రాడి పేరు పోలినాయుడట.
పరుగులో నెగ్గాడు, రాతపరీక్షలో పోయాడు.
మర్నాటి సాయంత్రం అదే బెంచీ మీద
మళ్లీ మొదటి పేజీ.
వాడికి ఏమైనా చెబుదామని వెళ్లినవాణ్ని
ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ కూర్చుండిపోయాను,
ఒక మూడో తరగతి పిల్ల
నా పదమూడో ఎక్కంలో తప్పు పట్టేదాకా.

మొన్న సోమవారం నూకరత్నం మళ్లీ వచ్చింది.
చెప్పుకి అదే పిన్నీసు.
చేతిలో కొత్త అర్జీ.
కలం మూత తీయబోతుంటే ఆపింది:
"మీకు సెమెందుకని
ఆ ముక్క కూడా మేవే రాసీసినాం."

చదివాను, ఈసారి నిటారుగా:

తగు చర్య అనగా,
తొంభై మూడో మెట్టు కాడ
ఒక వీధిలైటు.