జానెడు గొట్టం

డి ల వెయ్యంగనే
ఎనుకనుంచి ఎవరో తన్నినట్టు
ధన్‌మని ఎగిరింది ఇంపాలా.
మొన్న నాంపల్లి బరాత్‌ల
పెండ్లికొడుకు సెహ్రా ఊడి ఒళ్ళె పడ్డది,
బ్యాండోళ్ళు పాట ఆపి మరీ చూసిన్రు.
కిరాయి సగమే చేతుల పెట్టిన్రు.

గేర్‌బాక్స్ దించాలె, లక్ష అయితదన్నడు
లక్డీకాపూల్‌ల ఒకడు.
అరువయ్యేండ్ల బండి, తుక్కుకెయ్యమన్నడు ఇంకొకడు.
రేటు గూడ చెప్పిండు, కిలో లెక్కన.

ముషీరాబాద్ సందుల, కట్టెల అడితి ఎనుక
ఇలియాస్ ఉస్తాద్.
పానా పట్టలే. బానెట్ ఎత్తలే.
"స్టార్ట్ జెయ్" అని
పొగగొట్టం కాడ గొంతుక్కూసున్నడు.
తెల్లపొగ లేదని తనకు తనే తలూపిండు.
ఇంజను వేడెక్కేదాక రెండు చాయ్‌లు,
నడుమ ఆయన మోకాలి నొప్పి ముచ్చట.
అప్పుడు పుల్ల గుంజి
నూనె బొటనవేలి మీద రుద్ది, వాసన చూసి,
"మాడలే. ఎర్రగనే ఉంది. పేగులు మంచిగున్నయి."

ఇంజను ఆపిపిచ్చి కిందికి దూరిండు.
పొడుగు ఇరుసును అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు,
చంటిపిల్ల చెయ్యి పట్టి చూసినట్టు.
ఆడతలేదు.

మల్ల స్టార్టు. ఈసారి బానెట్ ఎత్తి
ఏమీ ముట్టలే, చెవి పెట్టిండు.
నాకు ఇంజను మోతే. ఆయనకు
ఉయ్యాల్లున్న బిడ్డ పక్కకు ఒత్తిగిల్లిన చప్పుడు గూడ ఇనొస్తదేమో.
వంపు కాడ, గొట్టం మీద, బొటనవేలు ఆనిచ్చిండు.
ఉరుకుతున్న ఇంజను
ఊపిరి తీసుకుని కూసున్నది.

"ఇప్పుడు వెయ్."
వేసిన. పడిందో లేదో తెల్వలే.
చెప్పులు చేతుల పట్టుకుని
అర్ధరాత్రి ఇంట్లకొచ్చిన మనిషి లెక్క
మెల్లగ ఒరిగింది బండి ముందుకు.

"గేర్‌బాక్స్‌కు కండ్లుంటయా బేటా?
తొవ్వ చూడదు.
గీ జానెడు గొట్టంల ఇంజను గుంజుడు తగిలితేనే
దానికెరుక, ఎత్తెంతో బరువెంతో.
గాలి కారిందంటే
మౌలాలి గుట్ట ఎక్కుతున్ననే అనుకుంటది,
ఊరంత నెత్తిమీదున్నదనుకుంటది.
నిలబడ్డకాడ గూడ పిడికిలి బిగిస్తది.
కొట్టుడు దాని గుణం గాదు. భయం."

రాణిగంజ్‌ల నలభై రూపాయలు కొత్తది.
ఉస్తాద్ రెండు నూర్లు, చాయ్‌లు నా లెక్క.

ముసరాంబాగ్ దాక సప్పుడు జెయ్యకుండ నడిపిన.
పొద్దున మా చెల్లె పద్మావతి
"అన్నా, రేపన్న వస్తవా దావఖానకు" అని
అడిగిందంతే.
కంచం గోడకు తాకింది.
బువ్వ మెతుకులు ఆమె ఒక్కతే ఏరింది.

సిగ్నల్ కాడ జేబులకెల్లి
పాత ముక్క తీసి, ఒక దిక్కు వేలు మూసి
నోట్ల పెట్టి గుంజి చూసిన.
ఎక్కడ్నుంచో వస్తనే ఉన్నది గాలి.
గోరు పెట్టి వెదికిన, పగులు దొరకలే.
పచ్చ లైటు పడ్డది. ఎనుక ఆటోలు మొత్తుకుంటున్నయి.
నాలిక మీద రబ్బరు చేదు.