పదిహేడో కాయ

గుంటూరు యార్డులో కోడికంటే ముందు
తుమ్ము కూస్తుంది.
తొమ్మిదో షెడ్డు కింద నూటనలభై బస్తాలు,
వాటి పక్కన ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఏలియా.
ఊరు కాకుమాను. సరుకు తేజ.
"నూటికి ఐదే తాలు. ఆపైన మీ ఇష్టం" అన్నాడు.

ఆ మాటనే కాగితం మీద మొదట రాసుకుంటాను.
నా చదువు నేర్పిన ఒకే ఒక్క మర్యాద అది:
ఎదుటివాడి మాట నిజమనుకునే మొదలెట్టాలి,
తర్వాత కాయలు ఏమంటాయో వినాలి.

పైనున్న కాయలెప్పుడూ
పెళ్ళిచూపులకి కూర్చున్నట్టే ఉంటాయి.
అందుకని చీటీలు తీసి,
ఏడో బస్తా, ముప్పై ఒకటో బస్తా, నూటపద్దెనిమిదో బస్తా,
అడుగుదాకా మోచెయ్యి దించి దించి
రెండు వందల కాయలు పైకి తెచ్చాను.
లక్షల కాయల తరఫున
రెండు వందల మంది సాక్షులు.

మస్తాన్‌బీ పళ్ళెంలో వేరుచేసింది.
తొడిమలు తీసీ తీసీ ఆమె వేళ్ళకి మంట తెలీదు.
ఎరుపు ఇటు. తెలుపు అటు.
తాలు పదహారు.
మధ్యలో ఒక్కటి మిగిలింది,
సగం నెత్తురు, సగం సున్నం.

ఐదు నిజమైతే రెండు వందల్లో పది రావాలి.
సరిగ్గా పదే రాదు, ఊయలన్నాక ఊగుతుంది,
మూడు అటు, మూడు ఇటు.
ఆరు దాకా కూడా గాలే అనుకోవచ్చు.
ఏడైతే మాత్రం ఎవరో తోశారు.
పదహారు గాలి.
పదిహేడు తోపు.

ఆ గీత గీసిన రోజునే ఒప్పుకున్నాను,
నిజం చెప్పే ప్రతి ఇరవై మందిలో
ఒకణ్ణి ఉత్తపుణ్యానికి అనుమానిస్తానని.
ఆ ఒక్కడిదే ఊరో, తువ్వాలు ఏ రంగో
పుస్తకంలో ఎక్కడా లేదు.

"సగమేగా తెలుపు. మంచి వైపు తిప్పి పెట్టు తల్లీ,
చూసేదెవరు?" అంది మస్తాన్‌బీ.

కానీ పొద్దున ఏడింటికి, ఏలియా మొహం చూడకముందే,
అట్ట మీద నా చేత్తో నేనే రాశాను:
సగం తెల్లబడితే తాలే.
మొహం చూసి మార్చే రూలు
ఇవాళ దయ,
రేపు ఇంకెవరి మెడకో ఉరి.
పదిహేడు.

అవే కాయల్ని ఇంకో దారిన లెక్కగట్టాను.
ఈసారి ఏలియా మాట పక్కనపెట్టి,
పళ్ళెంలో ఉన్నదాన్నే నమ్ముకుని.
నాలుగున్నర పైచిలుకు నుంచి
పన్నెండున్నరకి కొంచెం ఇవతల దాకా
చాప పరుచుకుంది.
ఆ చాప మీద ఓ మూల
ఒదిగి ఒదిగి ఐదు కూర్చుని ఉంది!

ఒక లెక్క గెంటేసింది, ఒక లెక్క చోటిచ్చింది.
అతని మాట నమ్మి కొలిస్తే ఒక గజంబద్ద,
నా కళ్ళని నమ్మి కొలిస్తే ఇంకోటి.
పోనీ ఈ చాప మీదే నిజం ఉందని ఒట్టేస్తానా?
ఇలాంటివి నూరు పరిస్తే
తొంభై ఐదింటి మీదకి వచ్చి కూర్చుంటుంది.
ఇది ఎన్నో చాపో నాకెవరు చెప్పాలి?

"అంటే నేను అబద్ధమాడానా?"
"నీ మాట నిజమైతే ఇన్ని తాలు పడటం అరుదు.
అంతవరకే నాకు తెలుసు."
"అరుదంటే?"
"వందలో రెండు మూడు సార్లు."

ఏలియా కాసేపు బస్తా కుట్టిన పురికొస వంక చూశాడు.
"మా చేలో పురుగు పడని ఏడాదీ అంతేనమ్మా.
అయినా ఒకసారి వచ్చిందిగా."

కంపెనీ కాగితంలో గడులు రెండే.
రెండోదాంట్లో టిక్కు పెట్టాను.
మార్జిన్లో, ఎవరూ చదవని చోట,
చాప రెండు కొసలూ రాశాను.

మస్తాన్‌బీ ఆ సగం కాయని విరిచి, వాసన చూసి,
కొంగున ముడేసుకుంది.
"కూరలోకి పనికొస్తది."