పదకొండో పుట

పెన్జాన్స్ రేవు నుంచి పైకెక్కే వీధిలో
హెడ్లీ నాన్‌కారో పుస్తకాల కొట్టు.
ఉప్పుగాలికి ఉబ్బిన తలుపు
భుజంతో నెడితే గాని తెరుచుకోదు.
కొట్టు ఆయనది, దుమ్ము నాది.

పుస్తకం చేతికొస్తే ఆయన బొమ్మ చూడడు.
లోపలి పుట అడుగున
చీమలబారులాంటి అంకెలు చూస్తాడు.
పది, తొమ్మిది, ఎనిమిది... చివర ఒకటి.
ఒకటి ఉంటే తొలి అచ్చు.
మళ్ళీ అచ్చేసినప్పుడల్లా ఒక్కోటి రాలిపోతుంది.
"పాలపళ్ళే ఇవి" అంటాడు,
"మొదటిది ఊడకముందే కొనాలి."

నిన్నగాక మొన్న అచ్చయినవి కొని
ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు
పల్చటి తొడుగులు తొడిగి బీరువాలో పెడతాడు.
"ఎప్పటికి ఊరతాయివి?" అన్నాను ఒకసారి.
"ఇప్పుడు వీటి మూలలు నాకుతున్నవాళ్ళకి
బట్టతల వచ్చేసరికి."
నలభై దాటాక మనిషికి
తన మొదటి పుస్తకం మీద ఆకలేస్తుందట.
అప్పుడు ఎంతంటే అంత ఇస్తాడట.
హెడ్లీకి డెబ్బై నాలుగు.
ఆ కూడిక నేను పైకి చెయ్యలేదు.

పిల్లలకు దొరికినవి మనకు దొరకవు.
ఒకటి స్నానాల తొట్టిలో ఈదింది,
ఒకటి కుక్కకి పళ్ళొచ్చిన నెలలో పోయింది,
ఒకటి జ్వరం రాత్రుల్లో పక్కలో నలిగి
వెన్ను విరిగి, టేపు మీద టేపుతో
చివరికి ఏ కథో తెలియకుండా అయింది.
మచ్చలేనిది కనబడితే హెడ్లీ మొహం వెలుగుతుంది.
నాకు మాత్రం అనుమానం,
దీన్నెవరూ ఎందుకు ముట్టలేదని.

మార్చిలో వానపడుతుండగా పెరాన్ వచ్చాడు.
పదిహేడేళ్ళు. కారు నేర్చుకోడానికి డబ్బు కావాలి.
చొక్కా లోపల పొట్టకి ఆనించి తెచ్చాడు
లాంతరు మోసే నత్త కథ.
ఫాల్మత్‌లో ఓ చిన్న ప్రెస్సు, ఏడువందల ప్రతులు.
పిల్లలు జడుసుకుంటున్నారని తల్లులు ఉత్తరాలు రాస్తే
రెండో అచ్చులో ఆక్టోపస్ కళ్ళు చిన్నవి చేశారు.
పెద్ద కళ్ళవే కావాలి అందరికీ ఇప్పుడు.

హెడ్లీ చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.
అంకెలు చూశాడు, పళ్ళన్నీ ఉన్నాయి.
పై జాకెట్టుకి ముడత లేదు,
ధర ఉన్న మూల ఎవరూ కత్తిరించలేదు.
తెరిస్తే కొత్త చెప్పులా కిర్రుమంది.

"ఇంత భద్రంగా ఎలా దాచావయ్యా?"
"దాచలేదు. భయపడ్డాను."

నాలుగేళ్ళప్పుడు పదకొండో పుట చూశాడట, ఒక్కసారే.
ఆ రాత్రే అల్మరా వెనక్కి తోసేశాడట,
అట్ట గోడవైపు తిప్పి మరీ.
పదమూడేళ్ళు ఆ వైపు కాళ్ళు పెట్టి పడుకున్నాడు.
మొన్న ఇల్లు మారుతుంటే బయటపడింది.

నూట నలభై పౌండ్లు అన్నాడు హెడ్లీ.
కుర్రాడు తలూపాడు. నోట్లు బల్ల మీదికొచ్చాయి.
తీసుకోబోయి ఆగాడు.
"ఒక్కసారి చూడనా?"

నిలబడే మొదలుపెట్టాడు, మొదటి పుట నుంచి.
పెదవులు కదులుతున్నాయి.
పది దగ్గర ఆగిపోయాడు.
వీధిలో ఎవరి గొడుగో తిరగబడింది,
ఎవరో గాలిని తిట్టుకుంటూ పోయారు.
తిప్పాడు.

ఆక్టోపస్ ఎనిమిది చేతులతో
నత్తకి ఎనిమిది మేజోళ్ళు అల్లుతోంది.
నత్తకున్నది ఒకటే కాలు.

"ఇదా" అన్నాడు.
నవ్వలేదు.
బెత్తం మాస్టారు బజార్లో
క్యాబేజీ బేరమాడుతూ కనబడితే చూసినట్టు
చాలాసేపు చూశాడు దాన్ని.
తర్వాత చివరిదాకా చదివాడు,
మూసి, బల్ల మీద పెట్టి, హెడ్లీ వైపు జరిపాడు.

పదకొండో పుట అంచున
తడి బొటనవేలి ముద్ర.

హెడ్లీ భూతద్దం తీశాడు.
దీపం దగ్గరికి లాక్కున్నాడు.
నిట్టూర్చి, చెయ్యి చాచి,
నోట్లలోంచి ఓ ఐదు పౌండ్లు వెనక్కి తీసుకున్నాడు.

పెరాన్ బేరమాడలేదు.